గుర్రం ఒళ్ళు పట్టాల, పొగరెక్కకూడదు: దాణా ఎట్ల మార్చాల?

#1 హంద్రీ_తీరం
కర్నూలు పక్కన. నుక్రా (తెల్ల) మగ గుర్రం, ఆరేళ్ళది, పెళ్ళి ఊరేగింపులకు పోతాది. ఎండాకాలం ముహూర్తాలు అయ్యేసరికి బాగా చిక్కిపోయింది. పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. వెన్నుపూసకు రెండు పక్కలా గుంటలు పడినాయి.

నెల కింద దాణా పెంచినాం. రోజుకు బార్లీ 3 కిలోలు (పచ్చిది, కొంచెం నలగ్గొట్టి), ఉలవలు 2 కిలోలు (నానబెట్టి), గోధుమ పొట్టు 1 కిలో, బెల్లం పావు కిలో. అంతా రెండు పూటలుగా. మేతకు వరిగడ్డి, దొరికిన రోజు సూపర్ నేపియర్ పచ్చిగడ్డి ఒక మోపు.

ఒళ్ళు పెద్దగా పట్టలేదు, పొగరు మాత్రం ఎక్కింది. డప్పు శబ్దానికి ముందు కాళ్ళు లేపుతాంది. జీను పట్టీ బిగించబోతే మెడ తిప్పి కరవడానికి వస్తాంది. లద్దె పలచన, పుల్లటి వాసన. ఆషాఢం కాబట్టి ఇప్పుడు పని లేదు. కార్తీకం ముహూర్తాల లోపల ఎముకలు కప్పుకోవాల, పైన పెండ్లికొడుకు కూర్చుంటే నెమ్మదిగా నడవాల. ఏం పెట్టాల?

#2 గుగ్గిళ్ళ_తాత
ఉలవలు నానబెట్టి పెడితే ఏం లాభం నాయనా. ఉడకబెట్టు. గుర్రానికి గుగ్గిళ్ళు అన్నారు గానీ నానబాలు అనలేదు. బార్లీ తీసేసి ఉలవలు 3 కిలోలు చెయ్, బాగా ఉడికించి పెట్టు. మన కడప సీమలో జట్కా గుర్రాలు దాని మీదే బతికినాయి.

#3 ఆదోని_జీను
పని లేదు అంటున్నారు. రోజుకు ఎన్ని గంటలు కట్టేసి ఉంచుతున్నారు? ఆ సంగతి తెలియకుండా దాణా గురించి ఎంత మాట్లాడినా సగమే.

#4 హంద్రీ_తీరం
#3 అన్నా, పొద్దున అరగంట తిప్పుతాం. మిగిలిందంతా లాయంలోనే, కట్టేసే ఉంటాది.

#5 డాక్టరమ్మ_పెన్న
ముందు బరువు తెలియాలి. తూకం లేకపోయినా టేపు చాలు. మూపు వెనక నుంచి ఛాతీ చుట్టుకొలత, గుర్రం ఊపిరి వదిలినప్పుడు తీసుకోండి. తర్వాత భుజం ముందు ఎముక నుంచి పిర్ర చివరి ఎముక దాకా పొడవు. రెండూ సెంటీమీటర్లలో. చుట్టుకొలతను దానితోనే గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. తూకమంత కచ్చితం కాదు, కానీ ఒకే మనిషి, ఒకే వేళకు, పదిహేను రోజులకోసారి కొలిస్తే ఎక్కుతోందా దిగుతోందా అన్నది బాగా తెలుస్తుంది.

కొలిచి ఇక్కడ పెట్టండి, లెక్క వేద్దాం.

#6 శెనక్కట్టె
వరిగడ్డి గుర్రానికి మేతనా అన్నా? కదిరి పక్క ఎవరన్నా పెడితే నవ్వుతారు. శెనక్కట్టె (కాయలు కోసినాక ఎండబెట్టిన వేరుశనగ చెట్లు) పెట్టండి, మంచిది చూసి.

#7 నాడా_సాహెబ్
హంద్రీ తీరం భాయ్, ఒక సంగతి చూసి చెప్పండి. మొహం ఎముక కంటి కిందుగా, దవడ పైన రెండు పక్కలా ఉబ్బినట్టు ఉందా? ఒకరోజు ఒక కాలు, ఇంకోరోజు ఇంకో కాలు కుంటుతోందా? గోధుమ పొట్టు, బార్లీ, వరిగడ్డి, నేపియర్ నాలుగూ ఒకచోట చూస్తే నాకు మొదట ఎముకల భయమే. నాడా కొట్టేటప్పుడు డెక్క గోడ మేకు పట్టకుండా విరిగిపోయే గుర్రాల దాణా అడిగితే చాలాసార్లు పొట్టే ఎక్కువ వస్తుంది.

#8 హంద్రీ_తీరం
కొలిచినాం. చుట్టుకొలత 165, పొడవు 150. లెక్కకు 344 కిలోలు వచ్చింది. మొహం వాపు లేదు, కుంటు లేదు.

#9 డాక్టరమ్మ_పెన్న
మంచిది. 340 అనుకుందాం. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

గుర్రం కడుపు చిన్నది, 8 నుంచి 15 లీటర్లు పడుతుంది. గింజల్లోని పిండి పదార్థం అక్కడి నుంచి చిన్న పేగులో అరగాలి. ఒక పూటకు కిలో శరీర బరువుకు 1 గ్రాము పిండి పదార్థం దాకా ఇబ్బంది లేకుండా అరుగుతుంది. అంటే మీ గుర్రానికి పూటకు 340 గ్రాములు. మీరు పెడుతున్నది చూద్దాం. పూటకు బార్లీ కిలోన్నర, అందులో సగానికి పైగా పిండి, అదే 780 గ్రాములు. ఉలవలు కిలో, అందులో మూడో వంతు పైనే, 350 గ్రాములకు తగ్గదు. పొట్టు, బెల్లం వదిలేసినా 1,100 దాటింది. పట్టేదానికి మూడింతలు.

దానికి తోడు పచ్చి బార్లీ గింజలోని పిండి చిన్న పేగులో నాలుగో వంతు కూడా సరిగ్గా అరగదు. మిగిలింది పెద్ద పేగులోకి జారుతుంది. అక్కడ పీచును పులియబెట్టే సూక్ష్మజీవులుంటాయి. వాటికి పిండి దొరికితే లాక్టిక్ ఆమ్లం తయారవుతుంది. మీరు చెప్పిన పలచని లద్దె, పుల్లటి వాసన అదే. అది ముదిరితే శూల నొప్పి, లామినైటిస్ (డెక్క లోపలి పొర వాచే జబ్బు). కాళ్ళు పోయిన గుర్రాన్ని మళ్ళీ నిలబెట్టడం చాలా కష్టం. అరిగిన భాగం రక్తంలో చక్కెరను ఒక్కసారి పెంచి దించుతుంది. పేగులో నొప్పి, ఒంట్లో ఎగుడుదిగుడు చక్కెర, కట్టేసిన లాయం. ఈ మూడూ కలిస్తే మీరు పొగరు అంటున్నది వస్తుంది. అందులో సగం బాధేనని నా అభిప్రాయం.

జీను పట్టీకి కరవడం నన్ను ఇంకా ఎక్కువ కలవరపెడుతోంది. గుర్రం కడుపులో ఆమ్లం రాత్రింబగళ్ళు ఊరుతూనే ఉంటుంది. దాన్ని చల్లార్చేది లాలాజలం, అది నమిలినప్పుడే వస్తుంది. మేత లేకుండా ఐదారు గంటలు నిలబెడితే కడుపులో పుండ్లు పడతాయి. పట్టీ బిగిస్తే అక్కడే నొప్పి. గొట్టం కెమెరాతో చూస్తే తెలుస్తుంది. మందు అవసరమా కాదా అన్నది దగ్గర్లోని డాక్టరు చేత చూపించి తేల్చుకోండి, ఇక్కడ రాయను.

#10 గుగ్గిళ్ళ_తాత
డాక్టరమ్మా, ఉలవలు కూడా తప్పేనా అయితే?

#11 డాక్టరమ్మ_పెన్న
కాదు తాతా. ఉలవల్లో మాంసకృత్తులు 22 శాతం దాకా ఉంటాయి, వెన్ను మీద కండ పట్టడానికి కావలసిన లైసిన్ అనే అమైనో ఆమ్లం బాగుంటుంది. తప్పు మోతాదులో ఉంది. మీరన్న ఉడకబెట్టడం నూటికి నూరు పాళ్ళూ నిజం. పచ్చి ఉలవల్లో మాంసకృత్తులు అరగనీయని పదార్థాలుంటాయి, నానబెడితే పోవు, ఉడికితేనే పోతాయి. రోజుకు అర కిలో ఎండు ఉలవలు ఉడికించి, రెండు పూటలుగా. అంతకు మించి వద్దు.

#12 గుగ్గిళ్ళ_తాత
అర కిలో అంటే మనసొప్పడం లేదు గానీ, ఆ కాలపు జట్కా గుర్రం పొద్దస్తమానం పరిగెత్తేది, ఇది ఇరవై మూడు గంటలు గుంజకు కట్టేసి ఉంది. ఆ తేడా ఒప్పుకుంటున్నా.

ఉడకబెట్టే పద్ధతి చెప్తా. రాత్రి నానేయ్, పొద్దున ఆ నీళ్ళు పారబోయ్. కొత్త నీళ్ళు పోసి, రెండు వేళ్ళ మధ్య నొక్కితే పేస్టులాగా నలిగేదాకా ఉడికించు. పొట్టు పగిలితే చాలదు. లోపల తెల్లగా గట్టిగా బొడిపె తగిలితే ఇంకా ఉడకాల. అర కిలో ఉడికితే కిలో పైన అవుతాది. ఆరబెట్టి గోరువెచ్చగా పెట్టు. మన ఎండలకు పొద్దున వండింది సాయంత్రానికి పులుస్తాది, పూటకు పూట వండు. పులిసింది పెడితే శూల ఖాయం.

#13 శెనక్కట్టె
తాతా, ఉడికిన నీళ్ళు మాత్రం పారబోయొద్దు. గుగ్గిళ్ళు గుర్రానికి, కట్టు ఇంట్లో ఉలవచారుకు.

#14 గుగ్గిళ్ళ_తాత
అది చెప్పాల్నా రా. ఆ చారు కోసమే గుర్రాన్ని పెంచిన ఇండ్లు ఉన్నాయి.

#15 నంద్యాల_శనగ
గింజ తగ్గిస్తే శక్తి ఎక్కడి నుంచి రావాల? 344 కిలోల గుర్రం ఊరకే నిలబడటానికే రోజుకు 11 మెగా కేలరీల పైన కావాల. ఒక కిలో బరువు ఎక్కాలంటే పైన ఇంకో 16 నుంచి 20.

#16 డాక్టరమ్మ_పెన్న
#15 సరైన ప్రశ్న. మూడు నెలల్లో 25 కిలోలు అనుకుంటే రోజుకు 280 గ్రాములు, దానికి రోజుకు సుమారు 5 మెగా కేలరీలు అదనం. మొత్తం 16, 17 మధ్య రావాలి. ఇది మేత నుంచి, నూనె నుంచి తేవచ్చు. పీచు పెద్ద పేగులో నిదానంగా పులిసి, గంటల తరబడి కొంచెం కొంచెంగా శక్తినిస్తుంది. నూనె చక్కెరను కదిలించదు. రెండూ గుర్రాన్ని రెచ్చగొట్టవు.

నేనైతే చివరికి చేరవలసిన రోజు మేత ఇలా పెడతాను:
మంచి శెనక్కట్టె 3 కిలోలు
ఎండు గరిక గానీ రోడ్స్ గడ్డి గానీ 2.5 కిలోలు
పచ్చి లూసర్న్ (పప్పుజాతి పచ్చిమేత) 6 కిలోలు
పప్పుశనగ పొట్టు ముప్పావు కిలో, నానబెట్టి
ఉలవలు అర కిలో, ఉడికించి
సోయా చెక్క 250 గ్రాములు
వంటనూనె 200 మి.లీ.
కల్లుప్పు 35 గ్రాములు

నీటి శాతం తీసేస్తే ఇది ఏడున్నర కిలోల ఎండు పదార్థం, శరీర బరువులో 2.2 శాతం. 200 మి.లీ. నూనెలోనే 1.6 మెగా కేలరీలు వస్తాయి. మొత్తం 17కు కొంచెం పైగా తేలుతుంది. బెల్లం ఆపేయండి. గోధుమ పొట్టూ ఆపేయండి.

#17 హిందూపురం_లాయం
లూసర్న్‌ను మా పక్క కన్నడం మాట్లాడేవాళ్ళు కుదురె మసాలె అంటారు, అంటే గుర్రపు మసాలా. పేరులోనే ఉంది. అందులో కాల్షియం ఎక్కువ కాబట్టి కడుపులో ఆమ్లాన్ని కూడా కొంత చల్లారుస్తుంది. పదో వంతు పూత కనిపించినప్పుడు కోయాలి. ముదిరితే కాడ కట్టెలాగా అయి గుర్రం ఆకు ఏరుకుని కాడ వదిలేస్తుంది. కోసింది కుప్పగా వేయొద్దు, లోపల వేడెక్కుతుంది. నీడన పలచగా పరిచి రెండు మూడు గంటలు వాడ్చి పెట్టండి. మొదటి రోజే 6 కిలోలు వేస్తే గ్యాస్ పట్టి పొర్లుతుంది. కిలోతో మొదలుపెట్టి పది రోజుల్లో ఎక్కండి.

లూసర్న్ దొరక్కపోతే పచ్చి అలసంద తీగ. అది కూడా లేకపోతే శెనక్కట్టె ఇంకో కిలో.

#18 ఆదోని_జీను
నూనె ఏది? శెనగ నూనె గానుగది పెట్టొచ్చా? ధర చూస్తే గుండె ఆగుతుంది.

#19 నంద్యాల_శనగ
ఏ వంటనూనైనా శక్తి ఒకటే. తవుడు నూనె చవక, గుర్రాలు తింటాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముక్క వాసన వచ్చిన నూనె వద్దు. వేపుళ్ళకు వాడి మిగిలింది అసలే వద్దు. 50 మి.లీ.తో మొదలుపెట్టి, నాలుగైదు రోజులకోసారి ఇంకో 50 పెంచుతూ రెండు మూడు వారాల్లో 200కు పోవాల. లద్దె జిడ్డుగా మెరిస్తే ఒక మెట్టు వెనక్కి. ఇంకొకటి, నూనె పెరిగితే ఒంటికి ఈ విటమిన్ ఎక్కువ కావాల. 100 మి.లీ.కి 100 నుంచి 150 యూనిట్లు అదనం. మందుల షాపులో దొరికే 400 యూనిట్ల క్యాప్సూల్ రోజుకు ఒకటి గుచ్చి గుగ్గిళ్ళలో పిండితే సరిపోతాది.

#20 హంద్రీ_తీరం
తవుడే పెడితే కాదా? అందులో నూనె ఉంటాది కదా. మా ఊళ్ళో మిల్లు ఉంది.

#21 డాక్టరమ్మ_పెన్న
తవుడులో నూనె 15 శాతం దాకా ఉంటుంది, నిజమే. రెండు ఇబ్బందులు. మిల్లు నుంచి వచ్చిన రోజే ఆ నూనె విరగడం మొదలవుతుంది, కొద్ది రోజుల్లోనే చేదెక్కుతుంది. రెండోది భాస్వరం. తవుడులో భాస్వరం చాలా ఎక్కువ, కాల్షియం దాదాపు లేనట్టే. గోధుమ పొట్టు కూడా అంతే, భాస్వరం 1.2 శాతం ఉంటే కాల్షియం అందులో ఎనిమిదో వంతు. గుర్రానికి కాల్షియం భాస్వరానికి తగ్గకూడదు, ఒకటిన్నర నుంచి రెండింతలు ఉంటే మంచిది. తగ్గితే రక్తంలో కాల్షియం నిలబెట్టడానికి ఒళ్ళు ఎముకల్లోంచి లాగుతుంది. ఆ ఖాళీలో పీచు కణజాలం నిండి మొహం ఉబ్బుతుంది, కాళ్ళు కుంటుతాయి. #7లో సాహెబ్ గారు అడిగింది దాని గురించే.

వరిగడ్డి, నేపియర్ దీన్ని ఇంకా చెడగొడతాయి. వాటిలోని ఆక్సలేట్ ఉన్న కాస్త కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. ఆవుల కడుపులోని సూక్ష్మజీవులు ఆక్సలేట్‌ను చాలావరకు విరగ్గొడతాయి, గుర్రానికి ఆ వీలు లేదు.

తవుడు తప్పనిసరైతే రోజుకు అర కిలో మించకుండా, సున్నపురాయి పొడి 20 గ్రాములు కలిపి పెట్టండి. దాణా అంగళ్ళలో కాల్షియం కార్బొనేట్ అని అడగండి. తమలపాకులో వేసుకునే సున్నం కాదు, అది నోరు, గొంతు కాలుస్తుంది.

#22 శెనక్కట్టె
శెనక్కట్టె గురించి నేను చెప్తా, మా పక్క పంటే కాబట్టి.

కట్టెలో మాంసకృత్తులు వరిగడ్డి కన్నా రెండింతలు పైనే, ఆకు నిలిచి ఉంటేనే. ఆకంతా రాలి పుల్లలు మిగిలిన కట్టె కొనడం దండగ. పిడికెడు తీసుకుని నలిపి చూడండి. పచ్చని ఛాయ ఉండి ఆకు పొడి చేతికి అంటితే మంచిది. నల్లగా, బూడిద పూసినట్టు ఉంటే, కొట్టితే పొగలాగా లేస్తే అది బూజు. వానకు తడిసి మళ్ళీ ఎండిన వామి అట్లే ఉంటాది. గుర్రానికి దగ్గు, ఉబ్బసం పడతాది.

రెండోది మన్ను. చెట్టును వేరుతో పీకుతాం కాబట్టి ఎర్రమట్టి, ఇసుక వేరుకు పట్టుకుని వస్తాది. ఆవు ఎట్లో తట్టుకుంటాది, గుర్రం తట్టుకోదు. పేగు అడుగున ఇసుక పేరుకుని శూల వస్తాది. నులక మంచం నిలబెట్టి దాని మీద కట్టను నాలుగు దెబ్బలు కొట్టండి, మన్ను కిందికి రాలుతాది. వేరు బుడిపెలు కత్తితో కోసి పారేయండి. తర్వాత నీళ్ళు చిలకరించి పెట్టండి. నేల మీద మాత్రం వేయొద్దు.

#23 నాడా_సాహెబ్
ఇసుక ఉందా లేదా తెలుసుకోవడానికి సులువు మార్గం. నేలను తాకని లద్దె ఉండలు ఐదారు, గాజు సీసాలో నీళ్ళు పోసి బాగా కలిపి అరగంట కదపకుండా ఉంచండి. అడుగున ఇసుక గీతలాగా పేరితే మేత మీద మన్ను పోతోందని అర్థం. అదే లద్దెను జల్లెడలో కడిగి చూడండి. గింజలు గింజలుగానే కనిపిస్తే, గడ్డి పోగులు వేలి కణుపు కన్నా పొడుగు ఉంటే పళ్ళ సంగతి చూడాలి. ఆరేళ్ళకే దవడ పళ్ళ అంచులు కత్తిలాగా లేచిన గుర్రాలు ఉంటాయి. పళ్ళు ఆకురాయితో సరిచేయకుండా ఎంత దాణా పోసినా లద్దెలోకే పోతుంది.

#24 డాక్టరమ్మ_పెన్న
#23 చాలా మంచి మాట. దాంతో పాటు లద్దెలో పురుగు గుడ్ల పరీక్ష. గుడ్లు ఉంటేనే మందు, బరువు చూసి మోతాదు. ఇంకొకటి మన ప్రాంతంలో మరిచిపోకూడనిది సర్రా, రక్తంలో చేరే పరాన్నజీవి జబ్బు. జోరీగలు కుట్టడంతో వ్యాపిస్తుంది. జ్వరం వచ్చి పోతూ ఉంటుంది, తిండి తింటూనే చిక్కుతుంది, కాళ్ళకు, పొట్ట కిందికి నీరు దిగుతుంది. రక్త పరీక్షతో తేలుతుంది. దాణా మార్చే ముందే ఈ పరీక్షలు చేయిస్తే మూడు నెలలు వృథా కావు. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది, మీ ఊరి డాక్టరు ద్వారా అడగండి.

#25 హంద్రీ_తీరం
మా పక్క కొర్ర గడ్డి, జొన్న చొప్ప చాలా దొరుకుతాది. ఎండు గరిక మాత్రం కష్టం. అవి పెట్టొచ్చా? ఇంటి ఎనక సుబాబుల్ కంచె కూడా ఉంది.

#26 హిందూపురం_లాయం
సుబాబుల్ వద్దే వద్దు! అందులోని మైమోసిన్ గుర్రానికి జూలు, తోక వెంట్రుకలు రాల్చేస్తుంది. పెళ్ళి గుర్రానికి తోక లేకపోతే ఇంకేముంది.

#27 డాక్టరమ్మ_పెన్న
కొర్ర గడ్డి ఎద్దులకు మంచి మేత, గుర్రానికి ప్రధాన మేతగా వద్దు. రోజూ అదే మేస్తే మూత్రపిండాల మీద భారం పడుతుంది, కీళ్ళు వాచి కుంటుతాయి. జొన్న పచ్చిది అసలు వద్దు. లేతప్పుడు, బెట్టకు వాడినప్పుడు, కోసిన మొదలు మళ్ళీ చిగురించినప్పుడు సైనైడ్ విషం ఎక్కువ. గుర్రాలకు దానితో మూత్రాశయం చెడి, వెనక కాళ్ళు తూలే జబ్బు కూడా వస్తుంది. బాగా ఎండిన జొన్న చొప్ప, ఆకు ఎక్కువ, కాడ సన్నంగా ఉన్నది, కత్తిరించి రోజుకు రెండు కిలోల దాకా కలపవచ్చు. లావు కాడలు పేగుకు అడ్డం పడతాయి.

గరిక గట్ల మీద కోయించి మూడు రోజులు ఎండబెట్టండి. ఇప్పుడు వానలు పడుతున్నాయి, గరిక లేచే కాలమే. పురుగుమందు కొట్టిన చేను గట్టు మాత్రం కాదు.

#28 గాడిద_డోన్
శెనగ (వేరుశనగ) చెక్క గురించి ఎవ్వరూ చెప్పలేదు. సోయా చెక్క కన్నా ఇక్కడ సులువుగా దొరుకుతాది.

#29 శెనక్కట్టె
గానుగ చెక్క తాజాది, నమ్మకమైనది ఐతే సరే. కానీ బెట్టకు వచ్చిన పంట, నేలలో కాయ పగిలిన పంట ఐతే బూజు విషం ఉంటాది, అఫ్లాటాక్సిన్. కంటికి కనబడదు. 1960లో ఇంగ్లాండులో లక్ష పైన టర్కీ కోళ్ళు చచ్చింది వేరుశనగ చెక్కలోని ఆ విషంతోనే. అప్పుడే దాన్ని కనిపెట్టినారు. మా చెక్కే ఐనా చెప్తాండా, పరీక్ష చేయని చెక్క గుర్రానికి వద్దు. కాలేయం పోతాది.

#30 డాక్టరమ్మ_పెన్న
#29కి పూర్తిగా ఒప్పుకుంటాను. మొక్కజొన్న విషయంలో కూడా ఇదే జాగ్రత్త. బూజు పట్టిన మొక్కజొన్నలోని ఫ్యుమోనిసిన్ గుర్రం మెదడును కరిగిస్తుంది, దానికి మందు లేదు.

వీటన్నిటికన్నా ముఖ్యం: కోళ్ళ దాణా, పశువుల కోసం మిల్లులో కలిపిన దాణా గుర్రానికి పెట్టకండి. వాటిలో మొనెన్సిన్, సాలినోమైసిన్ లాంటి మందులు కలిసి ఉండవచ్చు. గుర్రానికి మొనెన్సిన్ కిలో బరువుకు 2, 3 మిల్లీగ్రాములే ప్రాణాంతకం. గుండె కండరం చచ్చిపోతుంది. అదే మరలో ముందు కోళ్ళ దాణా ఆడించి, కడగకుండా మీ దాణా ఆడించినా ప్రమాదమే. మర అడుగున ఏముందో చూసి ఆడించండి.

#31 గాడిద_డోన్
మా గాడిదలకు కూడా #16 పట్టిక పెట్టొచ్చా?

#32 డాక్టరమ్మ_పెన్న
వద్దండి. గాడిదకు ఎండు మేత, కొంచెం గరిక చాలు. ఇంత శక్తి పెడితే మెడ మీద కొవ్వు గడ్డకట్టి ఒకవైపు వాలుతుంది. తర్వాత ఏ కారణంతోనైనా రెండు రోజులు తినకపోతే ఆ కొవ్వంతా రక్తంలోకి వచ్చి ప్రాణం మీదికి వస్తుంది.

#33 ఆదోని_జీను
దాణా మాటలన్నీ అయ్యాయి కాబట్టి పని గురించి. అరగంట తిప్పడం చాలదు. మొదటి రెండు వారాలు పొద్దున నలభై నిమిషాలు, సాయంత్రం ఇరవై, అంతా నడకే. తర్వాత మధ్యలో పదేసి నిమిషాలు దుడుకు నడక (నడకకూ దౌడుకూ మధ్య వేగం). దౌడు వద్దు, ఎక్కిన బరువు దిగుతుంది. వీలైతే గుంజ తీసేసి నాలుగు వైపులా కంచె కట్టిన దొడ్డిలో వదలండి. కదిలే గుర్రానికి పేగు కూడా కదులుతుంది.

డప్పు భయం దాణాతో పోదు. మేత తింటున్నప్పుడు దూరంగా ఫోనులో డప్పు చిన్నగా పెట్టండి. చెవులు వెనక్కి వాలకుండా తింటూ ఉంటేనే మరుసటి రోజు ఒక గీత పెంచండి. తినడం ఆపి తల ఎత్తితే ముందు రోజు శబ్దానికి తగ్గండి. రెండు నెలలు పడుతుంది.

#34 గుగ్గిళ్ళ_తాత
ఊరేగింపు రోజు సంగతి కూడా చెప్పు జీనూ. సాయంత్రం ఐదుకు తెచ్చి నడిరాత్రి దాకా ఖాళీ కడుపుతో నిలబెడతారు. ఎగరకుండా ఏం చేస్తాది?

#35 ఆదోని_జీను
గింజ దాణా ఏదైనా ఎక్కే మూడు గంటల ముందే ఆపాలి. ఎక్కే అరగంట ముందు మాత్రం లూసర్న్ గానీ కట్టె గానీ కిలో పెట్టండి. కడుపులో గడ్డి చాప ఉంటే నడకలో ఆమ్లం పైకి చిమ్మదు. మధ్యలో బ్యాండు ఆగినప్పుడల్లా గడ్డి వల తగిలించండి, బకెట్ నీళ్ళు చూపించండి. కొబ్బరి తాడుతో రెండంగుళాల కన్నుల వల అల్లిస్తే మూడు కిలోల మేత మూడు గంటలు నములుతుంది. రాత్రి లాయంలో కూడా అదే వల. కాలు ఇరుక్కోకుండా ఛాతీ ఎత్తున కట్టాలి.

#36 హంద్రీ_తీరం
ఉన్న దాణాను ఎన్ని రోజుల్లో మార్చాల? బార్లీ మొత్తం రేపే ఆపేద్దామా?

#37 డాక్టరమ్మ_పెన్న
రేపు బెల్లం ఆపండి. ఉలవలు ఉడికించడం రేపటి నుంచే. నానబెట్టినవి పెట్టకండి. బార్లీ రెండు రోజులకోసారి అర కిలో తగ్గిస్తే పన్నెండు రోజుల్లో సున్నా. ఉలవలు అర కిలోకు, గోధుమ పొట్టు సున్నాకు ఆ లెక్కనే దించండి. దాణాను ఇప్పుడే రెండు పూటల నుంచి మూడు పూటలు చేయండి, పూటకు పడే బరువు తగ్గుతుంది. కట్టె రోజుకు పావు కిలో చొప్పున పెంచుకుంటూ వరిగడ్డి తగ్గించండి. పేగులోని సూక్ష్మజీవులు మారడానికి రెండు వారాలు ఇవ్వాలి. తొందరపడితే మేత మంచిదైనా శూలే.

నీళ్ళు మరిచిపోకండి. ఎండు మేత పెరిగితే రోజుకు 30 లీటర్లు, ఎండ ముదిరితే 40 పైన. తొట్టి పాచి పట్టకుండా రోజూ తోమండి.

#38 హంద్రీ_తీరం
మొదలుపెట్టి ఇరవై నాలుగు రోజులు. రక్తంలో సర్రా లేదు. లద్దెలో పురుగు గుడ్లు ఉంటే మందు పోసినారు. పళ్ళ అంచులు రాపించినాం. నిన్న కొలిస్తే చుట్టుకొలత 166.5, లెక్కకు 350 కిలోలు. లద్దె ఉండలు కట్టింది, పుల్లటి వాసన పోయింది. పట్టీ బిగిస్తే చెవులు వాలుస్తాంది గానీ కరవడం లేదు. ఎముకలు మాత్రం ఇంకా కనపడతానే ఉండాయి, పొట్ట ముందు వచ్చింది. అది మంచిదేనా?

#39 నాడా_సాహెబ్
పొట్ట వచ్చింది గడ్డితో. కండ వెన్ను మీద చూడాలి.

#40 డాక్టరమ్మ_పెన్న
ఆరు కిలోలు అంటే మనం అనుకున్న లెక్కే. అందులో కొంత పేగులో నిండిన మేత, నీళ్ళు. ఇప్పటి నుంచి ఎక్కేది ఒళ్ళు. కంటితో కాదు, వేళ్ళతో చూడండి. హెన్నెకీ అనే పరిశోధకుడు 1983లో టెక్సస్‌లో రూపొందించిన 1 (మరీ బక్క) నుంచి 9 (మరీ లావు) దాకా పోయే కొలబద్ద ఉంది. ఆరు చోట్ల తడమాలి: మెడ, మూపు, భుజం వెనక, పక్కటెముకలు, నడుము, తోక మొదలు. పక్కటెముకలు కంటికి కనబడకుండా, అరచేయి ఆనిస్తే తగిలితే 5. మీకు అది చాలు. ఇప్పుడు 3 దగ్గర ఉన్నట్టుంది. మన గుర్రానికి ఒక మెట్టుకు సుమారు 12 నుంచి 15 కిలోలు పడుతుంది.

కండ కోసం సోయా చెక్క 250 గ్రాములు తప్పించకండి. నడకలో చిన్న ఎత్తు పల్లాలు ఉన్న దారి ఎంచుకోండి, వెన్ను ఎక్కినప్పుడే పనిచేస్తుంది.

#41 శెనక్కట్టె
చెవులు వాల్చడం?

#42 ఆదోని_జీను
పాత నొప్పి గుర్తు ఉంటుంది. పట్టీ ఒక్కసారి బిగించకుండా మూడు విడతలు చేయండి. ఒక కన్ను బిగించి, పది అడుగులు నడిపించి, ఇంకో కన్ను. నోట్లో పిడికెడు లూసర్న్ ఉండగా. ఇంకో నెలకు కూడా తగ్గకపోతే కడుపు చూపించాల్సిందే.

#43 హంద్రీ_తీరం
అట్లనే చేస్తాం అన్నా. చివరగా ఒక్కటి డాక్టరమ్మా, కార్తీకానికి అనుకున్న బరువు వస్తే నూనె ఆపేయాల్నా?

#44 డాక్టరమ్మ_పెన్న
ఒక్కసారి ఆపకండి, వారానికి 50 మి.లీ. చొప్పున దించి 100 దగ్గర నిలపండి. ముహూర్తాలు దగ్గర దగ్గరగా ఉంటే 150. కట్టె, గరిక మాత్రం ఒక్క పిడికెడు కూడా తగ్గించవద్దు.